మా అత్త ఊపిరి, వాళ్ల బొగ్గు రుచి

"గ్యాసు మీద కాల్చిన కోడికి రుచేం ఉంటుంది?" అనే మాట ఎవరి నోట విన్నా నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. అన్నవాళ్లు చుట్టాలైనా సరే, కొట్టుకొచ్చిన బేరగాళ్లైనా సరే, లేచి వెళ్లిపోతాను. ఎందుకంటే ఆ మాట అనేవాళ్లలో పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్లను నేను ఒక్కరినీ చూడలేదు. అందరూ పళ్లెం దగ్గర కూర్చునేవాళ్లే.

మాది అరకులో కిరాణా కొట్టు. కొట్టు వెనక ఇల్లు, ఇంటి వెనక పెరడు. మా మామగారి రోజుల్లో ఇదే జాగాలో భోజనాల హోటలు ఉండేది. మా అత్త ఎస్.కోట వైపు నుంచి పెళ్లికూతురై ఘాటు రోడ్డెక్కి వచ్చింది. వచ్చిన మర్నాడే ఆవిడను ఆ హోటలు పొయ్యి ముందు కూర్చోబెట్టారు. సంత రోజైతే కొండ ఊళ్ల నుంచి దిగిన జనానికి, జీపులవాళ్లకు, బస్సు డ్రైవర్లకు పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా వండుతూనే ఉండేదట. ఇక్కడ వాన పట్టిందంటే ఒక పట్టాన వదలదు. కట్టెలు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. ఊదడం, దగ్గడం, వండడం, ఇదే ఆవిడ సంసారం. మామగారు పోయాక హోటలు తీసేసి కొట్టు పెట్టారు, పెంకుటిల్లు పడగొట్టి స్లాబు వేశారు, వంటింట్లోకి గ్యాసు వచ్చింది. ఆవిడ ఛాతీలో చేరిన పొగ మాత్రం ఎక్కడికీ పోలేదు. నేను కోడలిగా వచ్చేసరికే అరుగు ఎక్కి దిగితే ఆయాసపడేది.

ఒక వానాకాలం ఆ ఆయాసం ముదిరితే పాడేరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు చిన్నవాడు, కొండ కింద నుంచి కొత్తగా వచ్చినట్టున్నాడు. ఛాతీ ఫోటో వెలుతురుకు పట్టి చూసి, ఆవిడ ముఖం వైపైనా చూడకుండా, "ఏమ్మా, అడ్డపొగ తాగుతావా?" అన్నాడు. మా వైపు ముసలివాళ్లకు ఆ అలవాటు ఉంది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. మా అత్త జన్మలో చుట్ట ముట్టిన మనిషి కాదు. ఆవిడ సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కన్న కొడుకు, అంటే మా ఆయన, గోడ మీద పోస్టరు చదువుతూ నిలబడ్డాడు. ఇక నాకే నోరు లేచింది.

"చుట్ట కాదండీ, పొయ్యి. పెళ్లైన కాడ్నుంచి ఊదిన పొయ్యి" అన్నాను.

అప్పుడు తలెత్తి చూశాడు. ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని మంచిగానే మాట్లాడాడు. "ఇక మీదట ఈవిడ పొగ దగ్గరకు పోకూడదు. కట్టెలొద్దు, బొగ్గులొద్దు. అగరుబత్తి కూడా ఈవిడున్న గదిలో వెలిగించొద్దు" అని అందరికీ వినబడేలా చెప్పాడు. మా ఆయన "అలాగేనండి" అని తలూపాడు. ఆ తలూపడం నేను ఈ కళ్లతో చూశాను కాబట్టి రాస్తున్నాను.

ఇంటికొచ్చాక ఆ తలూపుడు ఏమైపోయిందో దేవుడికే తెలియాలి. చుట్టాలు దిగితే చాలు, పెరట్లో రాళ్లు పేర్చి, కట్టెలు కాల్చి, నిప్పులు చేసి, వాటి మీద కోడిని కాల్చడం మా ఇంటి ఆనవాయితీ. అది మా అత్తే చెయ్యాలి. ఆవిడకు ఎవరూ హుకుం జారీ చెయ్యరు. అక్కడే ఉంది కిటుకంతా. "అమ్మ ఊదితేనే నిప్పు కుదుర్తాది" అంటాడు మా ఆయన. "అమ్మ చెయ్యి పడకపోతే నేను తిననంతే" అంటాడు విశాఖపట్నంలో ఉద్యోగం చేసే మా మరిది. అంతే, ఆవిడ కొంగు బిగించి లేస్తుంది. నేను అడ్డం వెళితే, "నువ్వుండే, నీకు నిప్పు సంగతి తెలవదు" అని నన్నే కసురుతుంది. ఆ కసురుకు వాళ్లిద్దరూ నవ్వుకునేవారు. పొగడ్తతో మనిషిని పొయ్యి ముందు కట్టిపడేయొచ్చని నాకు ఈ ఇంట్లోనే తెలిసింది. ఆవిడ మీద కూడా నాకు చచ్చేంత కోపం వచ్చేది. ఊపిరాడదు, అయినా ఊదుతానంటుంది, ఏం మనిషి అనుకునేదాన్ని.

అలా ఉండగా చలికాలం మొదట్లో మా మరిది ఫోను చేశాడు. వాడి ఆఫీసు స్నేహితులు మంచు చూడ్డానికి కొండకు వస్తారట. భోజనం మన ఇంట్లోనే అట. "వాళ్లు బొంగు చికెన్ తినీ తినీ ఇసిగిపోనారన్నియ్యా. రోడ్డు పొడుగునా అదే కదా. ఈసారి బార్బెక్యూ ఎట్టుకుందాం" అన్నాడు. దాంతో అన్నదమ్ములిద్దరికీ పూనకం వచ్చింది. బొగ్గులదా, గ్యాసుదా అని మొదలెట్టారు. ఫోనులో వీడియోలు. కొట్లో బేరం జరుగుతుంటే వీడియోలు, అన్నం తింటుంటే వీడియోలు. ఎవడో టోపీ పెట్టుకున్నవాడు ఇంగ్లీషులో మాంసం తిప్పుతుంటే వీళ్లు నోరు తెరుచుకుని చూసేవారు. కూతురికి సంబంధం చూసినప్పుడు కూడా మా ఆయన అన్ని ఆరాలు తీయలేదు.

నేను ఊరుకోలేదు. అన్నం వడ్డిస్తూనే చెప్పాను. "కొంటే గ్యాసుది కొనండి. అత్తకి పొగ పడదని డాక్టరు సెప్పినాడు కదేటి."

"గ్యాసుకి రుచేటుంటాదే?" అన్నాడు మా ఆయన.

"రుచి సంగతి తరవాత. అత్త సంగతేటి?"

"అదీగాక గ్యాసు పేల్తాది. పెరట్లో పదిమంది ఉంటారు. ఏదైనా అయితే ఎవుడు పూచీ? బొగ్గులకి ఏ బయ్యమూ నేదు. మన పెద్దోళ్లంతా బొగ్గుల మీదే కదా బతికినారు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏటండీ, వంటింట్లో నాను రోజూ గ్యాసు మీదే కదా వండుతున్నాను? నాను వెలిగిస్తే పేలని గ్యాసు మీరు వెలిగిస్తే పేల్తాదా? ఇన్నేళ్లూ నేని బయ్యం ఇప్పుడొచ్చిందేటి?" అన్నాను. జవాబు లేనప్పుడు మగవాళ్లు పెరుగు అడుగుతారు. పెరుగు వెయ్యమన్నాడు, వేశాను.

మరిది మాత్రం ఫోనులో నన్ను బుజ్జగించాడు. "వదినా, బొగ్గులకి ఒకటే ఇబ్బంది, అంటించడం. అందరికీ రాదు. మనకి అమ్మ ఉంది కదా" అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో! వీడియోల్లో టోపీవాడు అంటించడానికి ఏవేవో మందులు, యంత్రాలు చూపించాడు. మా ఇంట్లో అవేవీ కొనక్కర్లేదు, అమ్మ ఉంది. నేను ఫోను పెట్టేసి వంటింట్లోకి పోయి గిన్నెలు ధడేల్ ధడేల్‌మని సర్దుకున్నాను. ఎవరూ ఏమని అడగలేదు.

బొగ్గులదే వచ్చింది. నిలువుగా కోసిన పీపా లాంటిది, మూత, చక్రాలు, పక్కన చిన్న బల్ల. దాంతోపాటు బొగ్గుల బస్తా. మా ఆయన ఆ బస్తాను పెరటి అరుగు మీద ఆరుబయట పడేశాడు. అరకు మంచులో అరుగు మీద పెట్టిన ఉప్పు కూడా నీరు కారుతుంది. కిరాణా కొట్టు వాడికి ఆ సంగతి నేను చెప్పాలా? బెల్లం, ఉప్పు, పంచదార అన్నీ డబ్బాల్లో మూతలు బిగించి పెట్టే మనిషి బొగ్గును మాత్రం మంచుకు వదిలేశాడు. చెప్పినా వినలేదు. "బొగ్గుకేటవుతాదే" అన్నాడు.

స్నేహితులు వచ్చిన పూట మంచు పొద్దెక్కేదాకా విడవలేదు. ఎదురింటి తలుపు కూడా కనబడలేదు. కారు దిగినవాళ్లు ఫోటోలు తీసుకుంటూ, చేతులు రుద్దుకుంటూ, ఎంత బాగుందో అంటూ పెరట్లోకి వచ్చారు. మా ఆయన కొత్త చొక్కా వేసుకుని పీపా మూత తెరిచాడు. బొగ్గులు పోశాడు, కాగితాలు పెట్టాడు, అగ్గిపుల్ల గీశాడు. తడిసిన బొగ్గు, అంటుకుంటుందా? పొగ లేచింది. ఇల్లూ పెరడూ ఏకమయ్యేంత పొగ. కిరసనాయిలు పోశాడు, ఇంకా లేచింది. వచ్చినవాళ్లు ముక్కులు మూసుకుని దూరం జరిగారు. అప్పుడు మా మరిది గుమ్మం వైపు తిరిగి కేకేశాడు.

"అమ్మా! ఓలమ్మా! బేగి రావే!"

నేను గుమ్మంలోనే ఉన్నాను. ఆవిడ నా వెనక నుంచి వస్తుంటే రెండు చేతులూ గుమ్మానికి అడ్డం పెట్టాను. "అత్తా, నువ్వు ఎల్లొద్దు" అన్నాను. గబగబా నేనే పెరట్లోకి నడిచి, అట్టపెట్టె మూత ఒకటి చించి మా ఆయన చేతిలో పెట్టాను. "ఊపండి. మీరే కొన్నారు, మీరే ఊపండి. ఆవిడ రాదు" అన్నాను. అందరి ముందే అన్నాను. అనకపోతే నా గుండె పగిలి ఉండేది.

ఆయన ముఖం ఎర్రబడింది. నలుగురిలో ఏమీ అనలేక ఊపడం మొదలెట్టాడు. పొగ నేరుగా ముఖం మీదకే కొట్టింది. కాసేపు ఊపి, దగ్గి, కళ్లు తుడుచుకుని, మళ్లీ ఊపి, ఇక నా వల్ల కాదన్నట్టు పక్కకు వచ్చేశాడు. మరిది వంగి ఊదాడు. వాడూ అంతే. స్నేహితుల్లో ఒకతను నవ్వుతూ, "హోటల్‌కి పోదామా మరి?" అన్నాడు. ఆ నవ్వు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

కానీ మా అత్త వినేసింది. కొడుకుల్ని చూసి ఎవరో నవ్వారు, ఆవిడకు అది చాలు. నన్ను తోసుకుని వచ్చేసింది. "నలుగుర్లో మొగుడ్ని నవ్వులపాలు సేత్తన్నావేటే? నీకు సిగ్గు నేదా?" అని నన్ను తిట్టి, పీపా ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. పైనున్న తడి బొగ్గులు తీసి పక్కన పెట్టింది. ఎండు చితుకులు తెప్పించింది. వంగి, ఊది, దగ్గి, మళ్లీ వంగి, మళ్లీ ఊది. నిప్పు పట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ పక్కన నిలబడి ఫోటోలు దిగారు. "అమ్మా, సూపర్!" అన్నారు. ఆవిడ కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి, వాళ్లు నవ్వమంటున్నారు. నేను లోపలికొచ్చి ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాను, ఏడ్చినా ఎవరూ కనిపెట్టరని.

కోడి కాలింది, అందరూ తిన్నారు, గొప్పగా ఉందన్నారు. ఆవిడ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నమల్లేక, "కాసేపు నడుం వాలుస్తాను" అని తన గదిలోకి పోయింది. మధ్యాహ్నం సన్నగా జల్లు పట్టింది. చలి ఎముకల్లోకి దిగింది. నేను వంటింట్లో తూము దగ్గర కూర్చుని అంట్లు తోముతున్నాను. గుట్టలా అంట్లు.

కొడుకులకు అప్పుడు ప్రేమ పుట్టుకొచ్చింది. అమ్మకు చలేస్తోందని గుర్తొచ్చింది. మా కొండ మీద చలికాలం పెద్దవాళ్ల మంచం కింద నిప్పుల కుంపటి పెట్టడం మామూలే. పాత పెంకుటింట్లో మామగారికి రోజూ పెట్టేవారు. ఆ ఇంట్లో పెంకుల సందుల్లోంచి ఆకాశం కనబడేది, గాలి ఇటు నుంచి అటు పోయేది. ఇది స్లాబు ఇల్లు. చలి రాకూడదని కిటికీలకు అద్దాలు, తలుపుకు రబ్బరు పట్టీ. మా ఆయన పీపాలో మిగిలిన నిప్పులన్నీ ఇనుప మూకుడులోకి ఎత్తి, పొగ లేదు కదా అని చూసుకుని మరీ, ఆవిడ మంచం కింద పెట్టాడు. మరిది దుప్పటి కప్పాడు. గాలి తగులుతుందని కిటికీ వేశాడు. తలుపు దగ్గరగా లాగి, కింద సందులో పాత తువ్వాలు కుక్కాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఎంత శ్రద్ధగా చేశారో వాళ్లే చెప్పారు.

టీ పట్టుకుని వెళ్లి తలుపు తోశాను. తువ్వాలు అడ్డుపడి రాలేదు. గట్టిగా తోస్తే వెచ్చటి గాలి ముఖానికి కొట్టింది. పొగ లేదు, వాసన లేదు. మంచం కింద నిప్పులు ఎర్రగా కణకణలాడుతున్నాయి. "అత్తా" అన్నాను. పలకలేదు. భుజం పట్టి కుదిపాను. తల పక్కకు వాలిపోయింది. నా తలలో కూడా ఏదో దిమ్ముగా ఉంది. గ్లాసు కింద పడేసి, కిటికీ అద్దం తెరవడం చేతకాక, ఆవిడ చంకల కింద చేతులు వేసి అలాగే ఈడ్చుకుంటూ అరుగు మీదకు, వాన జల్లులోకి తెచ్చి పడుకోబెట్టాను. ఎలా ఈడ్చానో నాకే తెలియదు. నా కేకలకు వీధి వీధంతా వచ్చింది. స్నేహితుల కారులోనే ఎక్కించాం.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాక అక్కడి డాక్టరమ్మ బయటకొచ్చి, "మూసిన గదిలో బొగ్గులు పెట్టిందెవరు?" అని అడిగింది. అన్నదమ్ములిద్దరూ నేల చూపులు చూశారు.

"సలేత్తందని..." అన్నాడు మా ఆయన.

"పొగ లేకపోయినా బొగ్గుల్లోంచి విషపు గాలి వస్తుంది. కనబడదు, వాసన రాదు. ఇంకాసేపు ఉంటే మనిషి దక్కేది కాదు. అసలే పాడైన ఊపిరితిత్తులు" అంది డాక్టరమ్మ. నేను మా ఆయన వైపు తిరిగాను. ఆసుపత్రి అని కూడా చూడలేదు.

"గ్యాసుకి బయ్యమన్నారు కదా? బొగ్గులకి ఏ బయ్యమూ నేదన్నారు కదా? ఇప్పుడు సెప్పండి!"

ఆయన ఏమన్నాడో తెలుసా? కళ్లు తుడుచుకుంటూ, "తడి బొగ్గు అంటగట్టీసినాడే ఆ ఎదవ. మంచి బొగ్గైతే ఇలాగయ్యుండదు" అన్నాడు. అరుగు మీద బస్తా పడేసిన మనిషి! అమ్మినవాడిదట తప్పు! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంతలో లోపల మా అత్తకు మెలకువ వచ్చి, పరుగెత్తి వెళ్లి పట్టుకున్న మరిది బూట్ల మీద భళ్లున కక్కింది. ఆ రోజు మొత్తానికి నా కడుపు కాస్త చల్లబడింది అప్పుడే. మనిషి తిరిగొచ్చింది.

ఇంటికి తెచ్చాక కూడా ఆవిడ చాలా రోజులు మంచం దిగలేదు. మాట మధ్యలో ఆగిపోయేది, గాలి కోసం. పీపాను నేనే పాత ఇనుము వాడికి ఇచ్చేశాను. ఎవరినీ అడగలేదు.

మంచు తగ్గి ఎండ కాసే రోజులొచ్చాక మా ఆయన గ్యాసుది కొనుక్కొచ్చాడు. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ, "మా అమ్మ ఆరోగ్యం గురించి గ్యాసుది తెచ్చినాను. డబ్బుకేటి, అమ్మ కన్నా ఎక్కువా" అని చెప్పుకున్నాడు. నేను గల్లా వెనక నిలబడి విన్నాను. ఇన్నేళ్ల ఆవిడ దగ్గు, నా గొంతు చించుకోవడం ఏవీ ఆ మాటల్లో లేవు. ఆయనకే తోచిందట, ఆయనే కొన్నాడట. పళ్లు నూరుకుని పప్పు తూచి ఇచ్చాను.

ఒక ఆదివారం మరిది కూడా వచ్చాడు. మా అత్తను పెరట్లో ఎండ పడే చోట కుర్చీలో కూర్చోబెట్టాను. అన్నదమ్ములు పిడి తిప్పారు, మంట వచ్చింది. అంతే. ఊదడం లేదు, ఊపడం లేదు. వాళ్లిద్దరే కాల్చారు, వాళ్లిద్దరే ఒకరినొకరు మెచ్చుకున్నారు. మొదటి ముక్క పళ్లెంలో పెట్టి మా ఆయన తల్లికి తెచ్చి ఇచ్చాడు. ఆవిడ మెల్లగా నమిలింది. వేడివేడిగా తినడం ఆవిడకు కొత్త. ఎప్పుడూ అందరూ తిన్నాక చల్లారింది తినే మనిషి.

"ఏటమ్మా, నీ చేతి రుచి రాలేదు కదా? మల్లీ నువ్వు కాలిస్తేనే గానీ లాబం నేదు. ఒళ్లు కుదురుకోనీ, సూద్దాం" అన్నాడు నవ్వుతూ.

నేను ఏదో అనబోయాను. ఆవిడ చెయ్యెత్తి నన్ను ఆపింది.

"ఇదే బాగుంది నాయనా. నాను మరి ఆ పొగ కాడ కూకోను" అంది. "నాకు ఏనాడూ ఇష్టం నేదురా. మీ నాన్న కూకోమన్నాడు, కూకున్నాను. మీరు బాగుంది, బాగుంది అన్నారు, కూకున్నాను."

మరిది చేతిలో పట్టకారు అలాగే ఉండిపోయింది. మా ఆయన నవ్వు ఆపలేదు. ఆవిడ వేళాకోళమాడుతోందనుకున్నాడు.

"మరి ఇన్నేళ్లూ ఒక్కసారైనా సెప్పలేదేటమ్మా?" అన్నాడు.

ఆవిడ గాలి కోసం కాస్త ఆగి, పెద్దకొడుకు ముఖంలోకి చూసింది.

"దగ్గినాను కదరా" అంది.